పట్టాలు తీసిన దారి

ఒక ఊరికి రైలు వచ్చుట ఎంత పండుగయో, వచ్చిన రైలు మరల పోవుట అంత దెబ్బ. స్టేషను తలుపులకు తాళము పడును. సరకు ఎక్కించు కొట్టు ఖాళీయగును. ఆ సందడిని నమ్ముకొనిన కాఫీహోటలు, కిరాణా కొట్టు ఒకదాని వెనుక నొకటి మూతపడును. ఇదంతయు కంటికి కనబడు నష్టము. కంటికి వెంటనే కనబడని ప్రశ్న మరొకటి కలదు. పట్టాలు తీసికొనిపోయిన పిమ్మట ఆ నేల ఏమి కావలెను?

రైలుకట్ట అనునది విచిత్రమైన ఆస్తి. వెడల్పు కొలది గజములు, పొడవు పదులకొలది మైళ్లు. ముక్కలు చేసి అమ్మినచో ఒక్కొక్క ముక్క ప్రక్క రైతుకు రెండు మూడు సాళ్ల భూమి మాత్రమే. ముక్కలు చేయక నిలిపినచో పది ఊళ్లను కలుపు బాట. మన గ్రామములందలి డొంకల కథ తెలిసిన పంచాయితీ సభ్యులకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. నడుమ ఒక్క ఫర్లాంగు ఎవరి పొలములోనైన కలిసిపోయినచో మిగిలినదంతయు ఉండియు లేనట్లే.

నూటయాభై కిలోమీటర్ల పొడవుగల ఇట్టి కట్టను ముక్కలు కానీయక నిలుపుకొనిన ఒక ప్రాంతమును గూర్చి మేమీ వ్యాసమున వివరింపదలచితిమి. అది న్యూజీలండు దేశపు దక్షిణ దీవిలోని సెంట్రల్ ఒటాగో. ఆ బాట పేరు ఒటాగో సెంట్రల్ రైల్ ట్రెయిల్. మనము దీనిని రైలుబాట యందము.

ముందుగా ఆ నేలను గూర్చి రెండు మాటలు. సముద్రతీరమున డునెడిన్ అను పట్టణము కలదు. అచ్చటినుండి పశ్చిమోత్తరముగా కొండలు దాటిపోయినచో లోపలి ప్రాంతము వచ్చును. అది ఆ దేశమున కెల్ల మిక్కిలి పొడినేల. అలెగ్జాండ్రా అను ఊరిలో సంవత్సరమునకు 400 మిల్లీమీటర్ల వానయైనను పడదు. మన అనంతపురమునకే అంతకంటె ఎక్కువ వాన. వేసవిలో ఎండ కాయును. శీతకాలమున నీరు గడ్డకట్టును. రాన్‌ఫర్లీ వద్ద 1903 జూలైలో సున్నకు దిగువ 25.6 డిగ్రీల చలి నమోదైనది. మనకు వానలు పడు జూలై వారికి నడిచలికాలమని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. చెట్లు తక్కువ. గోధుమవన్నె గడ్డికొండలు, వాటి నెత్తిన పొరలు పొరలుగా నిలిచిన రాతిబండలు, దిగువన గొర్రెల మందలు. ఈ బోసిదనమే ఆ దేశపు అందము. పచ్చదనమే అందమని తలచువారికి మొదట నిరాశ కలుగవచ్చును.

1862లో ఆ నదీలోయలలో బంగారము దొరికినది. దేశదేశములనుండి జనులు ఎగబడిరి. వారిలో చీనావారును ఉండిరి. కొలది ఏండ్లలో పైపై బంగారము తరిగిపోయినది. నిలిచినవారు గొర్రెల పెంపకమునకు, పండ్లతోటలకు మరలిరి. ఉన్నిని, ధాన్యమును, పండ్లను రేవునకు చేర్చుటకు దారి కావలసివచ్చినది. అందుచేత 1879లో డునెడిన్ సమీపమునుండి రైలుమార్గపు పని ఆరంభించిరి. పట్టాల నడుమ ఎడము మూడడుగుల ఆరంగుళములు. అనగా మన పాత మీటరు గేజికంటె కొంచెము వెడల్పు. కొండలోయలలో పని నత్తనడక నడచినది. రైలు మిడిల్‌మార్చ్ చేరుటకే 1891 వచ్చినది. 1894లో హైడ్, 1898లో రాన్‌ఫర్లీ, 1904లో ఒమకౌ, 1906లో అలెగ్జాండ్రా, 1907లో క్లైడ్, కడపట 1921లో క్రామ్‌వెల్. నలువది రెండేండ్ల పని!

ఈ మార్గము పోయిన తీరులో పంచాయితీలవారు గమనింపదగిన విషయమొకటి కలదు. బంగారపు రోజులలో ఆ సీమకు పెద్ద ఊరు నేస్బీ. రైలు దానిని చేరక పది మైళ్లకు కొంచెము తక్కువ దూరమున మైదానముమీదుగా పోయినది. అచ్చట రాన్‌ఫర్లీ యను క్రొత్త ఊరు లేచినది. కార్యాలయములు, వర్తకము క్రమముగా అచ్చటికి తరలినవి. అట్లే ఓఫిర్ అను బంగారపు ఊరు ఏటికి ఈవల నున్నది. రైలు ఏటికి ఆవలి గట్టున పోయినది. 1880లో కట్టిన వ్రేలాడు వంతెనయు, రాతితో కట్టిన తపాలా కార్యాలయమును ఉండికూడ ఓఫిర్ చిక్కిపోయినది. ఎదుటి గట్టున ఒమకౌ పెరిగినది. రైలు ఒక ఊరిని పెంచుటకై మరొక ఊరిని ఎండబెట్టినది. ఇంజనీరు గీసిన గీత ఒక మైలు అటు జరిగెనా, ఇటు జరిగెనా అనుదానిపై రెండు ఊళ్ల తలవ్రాత ఆధారపడినది. ఇప్పుడు మన మండలములలో నాలుగు వరుసల బైపాసు రోడ్లు పడుచున్న చోట ఇదే కథ జరుగుచున్నది గదా.

లారీలు బలిసిన కొలది రైలుకు సరకు తగ్గినది. ప్రయాణీకుల రైలుకారు 1976లో నిలిచిపోయినది. క్లైడ్ వద్ద క్లూథా నదిపై విద్యుదుత్పత్తికై పెద్ద ఆనకట్ట తలపెట్టగా, ముంపునకు గురికానున్న క్లైడ్–క్రామ్‌వెల్ భాగమును 1980లో మూసివేసిరి. మిగిలిన మార్గము ఆ ఆనకట్టకే సామగ్రి మోసి కొంతకాలము బ్రతికినది. ఆనకట్ట పని ముగింపునకు వచ్చుటతో రైలు పనియు ముగిసినది. 1990 ఏప్రిలు చివర మిడిల్‌మార్చ్ మొదలు క్లైడ్ వరకు మార్గము మూతపడినది. డునెడిన్ నుండి మిడిల్‌మార్చ్ వరకు గల కొండలోయ భాగమును మాత్రము డునెడిన్ నగరపాలక సంస్థ విహారపు రైలుకొరకై కొని నిలిపినది. తక్కిన కట్టమీద పట్టాలను, దూలములను ఊడదీసికొనిపోయిరి. కంకర మిగిలినది, వంతెనలు మిగిలినవి, సొరంగములు మిగిలినవి.

మన నల్లమలలో బొగద దగ్గరి దొరబావి వంతెన నెరిగినవారికి ఆ దృశ్యము ఊహకందును. మీటరు గేజి మారి రైలు వేరు దారి పట్టిన తరువాత అడవిలో ఒంటరిగా మిగిలిన పనితనమది.

1993లో న్యూజీలండు ప్రభుత్వపు ప్రకృతి సంరక్షణ శాఖ ఆ కట్టను కొనినది. కట్టను మొత్తముగా, ఒకే పట్టీగా కొనుటయే ఇందలి కీలకము. మరుసటి ఏట స్థానికులు ఒక ధర్మకర్తృత్వ సంస్థను ఏర్పరచుకొని చందాలు పోగుచేయుటకు పూనుకొనిరి. నేల ప్రభుత్వ శాఖది, ఉత్సాహము స్థానికులది. ఈ రెంటిలో ఏ యొకటి లేకున్నను పని సాగియుండెడిది కాదని మా అభిప్రాయము.

అందరును సంతోషించిరని అనుకొనరాదు. కట్టకు ఇరుప్రక్కల నున్న రైతులలో పలువురు సందేహించిరి. వారి సందేహములు అర్థము లేనివి కావు. దారినపోవువాడు గేటు తెరచి మూయక పోయినచో గొర్రెలు కలిసిపోవును. ఎండుగడ్డిలో ఒక్క నిప్పురవ్వ చాలును. తెలియనివారు ఇంటి పెరటి మీదుగా పోవుచుందురు. పైగా, పనిలేక సైకిలు త్రొక్కుటకు ఇంత దూరము ఎవరు వత్తురని నవ్వినవారును కలరు. వాదములతో వీరి మనస్సు మారలేదు. కంచెలు, గేట్లు సరిగా అమర్చుట వలన, మందలు దాటు తావులను కాపాడుట వలన, వచ్చిన బాటసారులు మర్యాదస్థులని తేలుట వలన మారినది. ఆ పిమ్మట ఆ రైతు కుటుంబములలోనే కొన్ని తమ ఇండ్లలో ఒక గది, ఉన్ని కత్తిరించు కూలీలకై పూర్వము కట్టిన వసారాలు బాగుచేసి బాటసారులకు బస ఇచ్చుటకు మొదలిడినవి.

పని వివరములు చెప్పుదుము. రైలు కంకర కాలికి గ్రుచ్చుకొనును, చక్రము నిలువదు. కనుక దానిపై సన్నని గులకరాయి పరచి చదును చేయవలసివచ్చినది. చిన్నవి, పెద్దవి కలిపి అరువదికి పైగా వంతెనలు కలవు. పట్టాలు తీసిన వంతెనపై దూలముల నడుమ సందులుండును గదా. వాటిపై పలకలు పరచి, ఇరుప్రక్కల చేతిపట్టు కమ్ములు బిగించిరి. వాలును గూర్చి మాత్రము వారు ఏమియు చేయ నవసరము లేకపోయినది. ఆవిరియంత్రము నిటారు గట్టు నెక్కలేదు. అందుచేత పాత ఇంజనీర్లు యాభై అడుగుల దూరమునకు ఒక అడుగుకంటె ఎక్కువ ఎత్తు రానీయక కట్ట వేసిరి. నాడు బొగ్గు ఆదాకై చేసిన లెక్క, నేడు అరువదేండ్ల వారును పిల్లలును సైకిలుపై సునాయాసముగా పోవుటకు పనికివచ్చుచున్నది. ఒక్కొక్క భాగమే సిద్ధమగుచు, 2000 ఫిబ్రవరిలో బాట మొత్తముగా ప్రారంభమైనది. పొడవు సుమారు 152 కిలోమీటర్లు. నడచువారు, సైకిలువారు, గుర్రముపై పోవువారు వాడుకొనవచ్చును. మోటారు బండ్లకు ప్రవేశము లేదు. సుంకము లేదు, ఇచ్చినవారి చందా పుచ్చుకొందురు.

ఇక బాట వెంట పోవుదము. రైలు వచ్చిన వరుసలోనే, తూర్పునుండి పడమటకు.

మిడిల్‌మార్చ్ చిన్న ఊరు. దానికి పడమట రాక్ అండ్ పిల్లర్ అను పర్వతపంక్తి గోడవలె నిలిచియుండును. ఇచ్చటినుండి హైడ్ వరకు సుమారు 27 కిలోమీటర్లు, నడుమ ఊరనదగినది లేదు. హైడ్‌కు ఇవతల ఒక కోత కలదు. 1943 జూన్ 4న క్రామ్‌వెల్ నుండి డునెడిన్ పోవుచున్న రైలు ఆ వంపున మితిమీరిన వేగముతో వచ్చి పట్టాలు తప్పినది. 21 మంది మరణించిరి. ఆ దేశపు ఘోర రైలుప్రమాదములలో నిదియొకటి. సమీపమున రాళ్లు పేర్చిన స్మారక చిహ్నము కలదు. బాటవారు పలువురు సైకిళ్లు దిగి అచ్చట కొంతసేపు నిలిచి పోవుదురు.

హైడ్ దాటినచో టైయెరీ నది ప్రక్కన ఒక లోయ, ఒక సొరంగము. తరువాత నేల విప్పారి మానియొటొటొ మైదానము వచ్చును. ఇచ్చటి పేర్లను గూర్చి ఒక ముచ్చట. 1857 ప్రాంతమున ఈ నేలను కొలిచిన సర్వేయరు థామ్సన్ ఏరులకు స్కాట్లండు మాటలలో పశువుల పేర్లు పెట్టెను. వెడ్డర్‌బర్న్ అనగా పొట్టేలు వాగు, కైబర్న్ అనగా ఆవుల వాగు. రాన్‌ఫర్లీకి మొదటి పేరు ఈవ్‌బర్న్. అనగా గొర్రె వాగు. ఒక గవర్నరు గౌరవార్థము ఆ పేరు మార్చిరి. మాకు మాత్రము గొర్రె వాగే బాగున్నది.

రాన్‌ఫర్లీ ఈ మైదానమునకు సంతవంటి ఊరు. జనసంఖ్య వెయ్యికి లోపు. ఆసుపత్రి, బడి, కొట్లు కలవు. 1930 దశకమున వరుస అగ్నిప్రమాదములలో పాత కట్టడములు కాలిపోగా, ఆ కాలపు క్రొత్త పోకడలో గుండ్రని మూలలతో, గీతల అలంకరణలతో తిరిగి కట్టిరి. చాలకాలము వాటి నెవరును పట్టించుకొనలేదు. రైలు పోయిన తరువాత, తమకు మిగిలినదేమని ఊరివారు వెదకికొనినపుడు ఆ గోడలే కంటబడినవి. రంగులు వేసి, ఉత్సవము జరిపి, వాటినే చూపింప మొదలిడిరి. పాత స్టేషనును బాటసారుల సమాచార కేంద్రముగా మార్చిరి. మరియొక సరదా పని: సూర్యమండలపు నమూనాను నూరు కోట్లలో పదవ వంతు, అనగా పది కోట్లకు ఒకటి కొలతలో బాటమీద అమర్చిరి. సూర్యుడు రాన్‌ఫర్లీలో, గ్రహములు అటును ఇటును దూరముల ప్రకారము. బడిపిల్లలకు ఇంతకంటె మంచి పాఠము గోడబొమ్మ చెప్పలేదు.

వెడ్డర్‌బర్న్ స్టేషనులో ఆకుపచ్చని రేకుల గూడ్సు షెడ్డు ఒకటి యుండెడిది. గ్రేహమ్ సిడ్నీ అను చిత్రకారుడు 1975లో దానిని చిత్రించగా ఆ పటము దేశమంతట పేరుపొందినది. లైను మూతపడిన పిమ్మట షెడ్డు వేరొక చోటికి తరలిపోయినది. ఊరివారు ఊరకుండక దానిని తిరిగి తెచ్చి పాత తావున నిలిపిరి. కొలదిపాటి రేకుల కొట్టుకొరకు ఇంత శ్రమ యేల యని అడుగవచ్చును. దారినపోవువాడు ఆగి చూచుటకు ఒక కారణము కావలెను. ఆగినవాడు టీ త్రాగును, త్రాగినవాడు ఆ రాత్రి అచ్చటనే బస చేయవచ్చును. వెడ్డర్‌బర్న్ దాటగానే బాట కెల్ల ఎత్తైన తావు, సముద్రమట్టమునకు 618 మీటర్లు.

అచ్చటినుండి దిగిన ఒటురెహువా మాకు ఈ బాటమీది ఊళ్లలో మిక్కిలి ఇష్టమైనది. ఎర్నెస్ట్ హేస్ అను రైతు 1895లో మట్టిగోడల కొట్టములో పనిముట్ల కర్మశాల ప్రారంభించెను. కంచె తీగ బిగించు సాధనము ఆయన కల్పన. న్యూజీలండు రైతులే కాక ఇతర దేశములవారును వాడిరి. తయారుచేసినది ఆయనయైనచో, అమ్మిపెట్టినది భార్య హన్నా. ఆమె రాళ్లదారులలో సైకిలుపై పొలము పొలమునకు పోయి ఆర్డర్లు తెచ్చెడిది. నేడు ఆ సీమకు సైకిళ్లపై వచ్చువారందరికిని ముందు నడచినది ఆ గృహిణి యనవచ్చును. కర్మశాలను 1975లో ఆ దేశపు చారిత్రక కట్టడముల సంస్థ తీసికొని కాపాడినది. ఆ ఊరి కిరాణా కొట్టు నూరేండ్లు దాటినది. పట్టుమని నూరుమంది లేని ఊరిలో కొట్టు నిలుచుటకు ఊరివారి కొనుగోలు మాత్రమే చాలదు. సైకిలు దిగి నీరు, రొట్టె, పండు కొను బాటసారి తోడగుచున్నాడు.

తరువాత పూల్‌బర్న్ లోయ. బాటకెల్ల ఘనమైన భాగమిదియే. రెండు సొరంగములు, 37 మీటర్ల ఎత్తున ఇనుప వంతెన. దాని స్తంభముల రాళ్లను చేతి ఉలులతో చెక్కి పేర్చిరి. సొరంగములు వంపు తిరిగియున్నందున నడుమ చీకటి; చేతిదీపము తప్పదు. నూటయిరువది ఏండ్లనాటి రాతిపని బీటవారక నిలిచియున్నది.

లాడర్ దాటి ఒమకౌ చేరుదుము. ఇచ్చటినుండి ఓఫిర్ ఏటి ఆవల రెండు కిలోమీటర్లు మాత్రమే. రైలు ఎండబెట్టిన ఆ ఊరికి రైలుబాట కొంత తడి తెచ్చినది. రైలు ఒమకౌలో మాత్రమే ఆగెడిది, సైకిలువాడు అట్లు కాదు. వంతెన దాటి ఓఫిర్ పోయి పాత తపాలా కార్యాలయము చూచి, అచ్చటనే పండుకొని మరునాడు బాటకు వచ్చును. ఆ ఊరు ఎండుటయే దాని పాతదనమును కాపాడినది. సొమ్ముండినచో ఆ రాతియిండ్లను ఎప్పుడో కూల్చి క్రొత్తవి కట్టెడివారు.

చాటో క్రీక్, అలెగ్జాండ్రా, అటుపై ఎనిమిది కిలోమీటర్లలో క్లైడ్. వసంతమున కొండవాలులపై బంగారపు రోజులలో వచ్చిచేరిన థైమ్ మొక్క ఊదారంగున పూచును. నేరేడువలె నోరూరించు చెర్రీపండ్లు, ఆప్రికాట్లు, ద్రాక్షతోటలు కాలువనీటితో పెరుగును.

ఈ ఊళ్ల మధ్య దూరములను గమనింపుడు. ఎనిమిది, పది, పన్నెండు కిలోమీటర్లు. ఆవిరిరైలునకు అవసరమైన చోట్ల, బండ్లపై ఉన్ని తెచ్చు రైతుకు అందుబాటుగా స్టేషన్లు పెట్టిరి. అదే కొలత నేడు అలసిన కాళ్లకును సరిపోయినది. కారులో వచ్చువాడు రెండు గంటలలో ఈ సీమనంతయు దాటిపోవును. అతడు విడిచిపోవునది దుమ్ము. సైకిలువానికి నాలుగైదు దినములు పట్టును. ప్రతి దినము రెండు పూటల భోజనము, ఒక రాత్రి బస ఎక్కడో ఒక ఊరిలో కొనక తప్పదు. సైకిళ్లు అద్దెకిచ్చువారు, సంచులను ఒక బసనుండి మరొక బసకు వ్యానులో చేర్చువారు, బసలు ముందుగా కుదిర్చిపెట్టువారు బయలుదేరిరి. బాటసారి చేతిలో ఒక చిన్న పుస్తకముండును. ఊరూర ముద్ర వేయించుకొనును. ఆ ముద్రకొరకై దాటిపోవలసిన ఊరిలో కూడ దిగును. ఏటా వేలమంది వచ్చుచున్నారు.

అతిగా చెప్పుట మాకు ఇష్టము లేదు. ఆ ప్రాంతపు ప్రధాన జీవనాధారము నేటికిని గొర్రెలు, పశువులు, తోటలే. బాట సంపాదన అక్టోబరునుండి ఏప్రిలు వరకు. చలికాలమున బసలు బోసిపోవును. ఈ పనులు చాలవరకు చిన్నవి, ఒక కుటుంబము చేసికొనదగినవి. రైలుకట్ట యున్న ప్రతి చోట బాట వేసినచో జనము వత్తురనుటయు భ్రమయే. కొండలు, సొరంగములు, ఆగుటకు తగిన ఊళ్లు, దూరమునుండి వచ్చుటకు వీలు — ఇవన్నియు కలిసినందున ఇచ్చట ఫలించినది. ఐనను ఫలించినది నిజము. 2009లో న్యూజీలండు ప్రభుత్వము దేశమంతట సైకిలు బాటలు వేయుటకు పథకము చేపట్టినపుడు ఈ బాటయే కన్నులయెదుట నున్న దృష్టాంతము.

క్లైడ్ వద్ద రైలుబాట ముగియును. రైలుమార్గము మాత్రము పూర్వము క్రామ్‌వెల్ వరకు పోయెడిదని పైన చెప్పితిమి. ఆ భాగము నేడు డన్‌స్టన్ సరస్సు అడుగున నున్నది. క్లైడ్, క్రామ్‌వెల్ ఊళ్ల మధ్య మరల బాట వేయవలెనని తలచినపుడు అనుసరించుటకు కట్ట లేదు. కనుక కొండ చరియలకు ఇనుప కమ్ములు దిగగొట్టి, నీటిపైన వ్రేలాడునట్లు పలకల దారి అమర్చి, లోయకు అడ్డముగా వ్రేలాడు వంతెన కట్టి, 2021లో ఆ రెండు ఊళ్లను తిరిగి కలిపిరి. చూచుటకు అది మహాద్భుతముగా నుండును. కాని యాభై అడుగులకు ఒక అడుగు చొప్పున సాగిన పాత రైలుకట్టవలె కాక, ఈ దారి ఎక్కుచు దిగుచు పోవును. వంపులు ఇరుకు, ప్రక్కన లోతు. పిల్లలను వెంటబెట్టుకొనివచ్చినవారు క్లైడ్‌లోనే తమ సైకిళ్లు మరలించి పాత కట్టమీదనే పోవుదురు.